డిగ్రీ లేదు... కంప్యూటర్‌కే పాఠం చెప్పింది!

కంప్యూటర్ చరిత్ర పుస్తకం తిరగేస్తే కోటూ, టై వేసుకున్న మగవాళ్ల ఫొటోలే ఎక్కువ. వాటి పక్కన క్లారా వాన్ న్యూమన్ ఫొటో కూడా ఉండాలంటాన్నేను. ఆ పేరు వినగానే, గణిత మేధావి జాన్ వాన్ న్యూమన్ భార్యే కదా అనేస్తారు చాలామంది. భార్యే, కాదనను. అక్కడితో ఆగిపోతే ఎలా చెప్పండి?

హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో, కలిగిన యూదుల ఇంట 1911 ఆగస్టు 18న పుట్టింది క్లారా. పద్నాలుగేళ్లకే మంచు మీద స్కేటింగ్‌లో జాతీయ ఛాంపియన్. లెక్కల చదువు మాత్రం హైస్కూలు దాకానే. మొదటి రెండు పెళ్లిళ్లూ నిలవలేదు. మొదటి భర్తతో మాంటీ కార్లో వెళ్లినప్పుడు అక్కడి జూదశాలలో జాన్ కనిపించాడట. రౌలెట్‌లో గెలిచే లెక్క తన దగ్గరుందన్న ఆ పెద్దమనిషి, డబ్బంతా పోగొట్టుకుని ఆవిడ చేతే డ్రింక్ కొనిపించుకున్నాడు! 1938లో ఇద్దరూ పెళ్లి చేసుకుని అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో కాపురం పెట్టారు.

మరుసటి ఏడాదే క్లారా తండ్రి పోయాడు. పరాయి దేశం. ఇంటికొచ్చే అతిథులంతా ప్రపంచప్రఖ్యాత శాస్త్రవేత్తలు. వాళ్ల మధ్య తనను తాను పొడుగాటి గడ్డిలో మిడతతో పోల్చుకుందావిడ. ఆ బెరుకు ఎంతమందికి తెలియదు! అయినా 1943లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలోని జనాభా పరిశోధన కార్యాలయంలో ఉద్యోగంలో చేరింది.

అసలు కథ 1946లో మొదలైంది. జబ్బుపడి లేచి, ఒంటరిగా పేకాడుకుంటున్న స్టానిస్లా ఉలామ్ అనే గణితవేత్తకి ఒక ఆలోచన వచ్చింది. మన గవ్వలాటే తీసుకోండి. ఆరు గవ్వలూ ఒకేసారి వెల్లకిలా పడే అవకాశమెంతో సూత్రం కట్టలేకపోతే ఏం చేస్తాం? కూర్చుని వెయ్యిసార్లు వేసి రాసుకుంటాం. అంతే! అణువుల్లో తిరిగే న్యూట్రాన్‌కి కూడా ఇదే పని చేయొచ్చు. అది అణువుని గుద్దుకుని పక్కకి మళ్లిందా, అందులోనే ఇంకిపోయిందా, దాన్ని చీల్చి ఇంకొన్ని న్యూట్రాన్లని పుట్టించిందా? అడుగడుగునా ఒక గవ్వ వేసినట్టు అంకె తీసి తేల్చాలి. అలా ఎన్నో న్యూట్రాన్ల కథ నడిపిస్తే మొత్తం సంగతి బయటపడుతుంది. ఈ పద్ధతికి జూదశాల ఊరి పేరే, మాంటీ కార్లో అని పెట్టారు. క్లారాకి నవ్వొచ్చి ఉంటుంది!

ఊహ బాగానే ఉంది, చేసేదెవరు? అప్పట్లో ఉన్నది ఎనియాక్. సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు, 30 టన్నుల బరువు. జాన్ గీసిన పటాలని ఆ యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా, ఒక్కొక్కటీ విడమరిచి రాసే పని క్లారా చేతికొచ్చింది. ఎక్కడ ఒక్క ఆజ్ఞ తప్పినా లెక్కంతా గంగపాలే. 1948 వసంతంలో మేరీలాండ్‌లోని అబర్డీన్‌లో, నికోలస్ మెట్రోపొలిస్‌తో కలిసి ముప్ఫై రెండు రోజులు ఆ యంత్రం దగ్గరే గడిపింది. కార్డులు పెట్టడం, తప్పులు పట్టడం, మళ్లీ నడపడం. మనిషి చిక్కిపోయింది కానీ ప్రోగ్రామ్ నడిచింది! నేటి పద్ధతిలో రాసిన ప్రోగ్రామ్ నిజంగా పనిచేయడం అదే మొదటిసారని కొందరు చరిత్రకారులు చెబుతారు.

ఒక మాట దాచకూడదు. ఆ లెక్కలు లాస్ అలమోస్ అణుబాంబుల కోసం. క్లారాని ఎంత మెచ్చుకున్నా ఆ సంగతి నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది.

పద్ధతి మాత్రం బాంబుల దగ్గర ఆగలేదు. జెనీవా దగ్గరి సెర్న్‌లో 1974లో జియాంట్ అనే ప్రోగ్రామ్ మొదలైంది. దాని నాలుగో రూపం, జియాంట్4, 1998లో వచ్చింది. అక్కడి అట్లాస్ డిటెక్టర్ 46 మీటర్ల పొడవు, 7,000 టన్నుల బరువు. అంతటిదాన్ని కట్టేశాక తప్పు తెలిస్తే లాభమేముంది? అందుకే ముందు కంప్యూటర్‌లోనే కట్టి, ఒక్కో కణాన్నీ అందులోంచి పరిగెత్తించి, ప్రతి అడుగులో అంకె వేసి చూస్తారు. క్యాన్సర్ రోగికి ఇచ్చే రేడియేషన్ శరీరంలో ఎక్కడెంత చేరుతుందో తేల్చడానికీ ఇదే ప్రోగ్రామ్ వాడుతున్నారు.

1950లో ఎనియాక్ మీద తొలిసారి వాతావరణం లెక్కగట్టినప్పుడు, ఆ శాస్త్రవేత్తలకి ప్రోగ్రామ్ రాయడం నేర్పిందీ, సరిచూసి పెట్టిందీ క్లారాయే. ఆ పరిశోధన వ్యాసంలో ఆవిడకి దక్కింది కృతజ్ఞతల్లో చోటు.

1957 ఫిబ్రవరిలో జాన్ క్యాన్సర్‌తో పోయాడు. ఆయన చివరి పుస్తకానికి ముందుమాట క్లారాయే రాసింది. 1958లో కార్ల్ ఎకార్ట్ అనే శాస్త్రవేత్తని పెళ్లాడి కాలిఫోర్నియా తీరాన లా హోయాలో స్థిరపడింది. 1963 నవంబరు 10న అక్కడి సముద్రంలో మునిగి చనిపోయింది. అధికారులు ఆత్మహత్యగా రాశారు. ఆవిడకప్పుడు యాభై రెండేళ్లు. ఆ మిడత పేరుతోనే మొదలుపెట్టిన ఆత్మకథ సగంలోనే ఉండిపోయింది.