రక్తనాళాన్ని కుట్టిన కారెల్

1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాడీ కార్నో లియాన్ నగరంలో కత్తిపోటుకు బలయ్యారు. తెగిన పెద్ద రక్తనాళాన్ని కుట్టగల విద్య నాటి వైద్యులకు లేదు. అదే నగరపు వైద్యవిద్యార్థి అలెక్సీ కారెల్‌ను ఆ లోటు కలచివేసింది. ఆయన బట్టలపై పూలు కుట్టే ఒక స్త్రీ వద్ద సన్నని సూదిపని నేర్చుకున్నారు. నాళపు గుండ్రని అంచును మూడు దారాలతో లాగిపడితే త్రికోణమవుతుంది; అప్పుడు ఎదుటి గోడ సూదికి చిక్కదు. 1902లో ప్రకటించిన ఈ కృషి 1912లో నోబెల్ తెచ్చింది.

1935లో విమానచోదకుడు లిండ్‌బర్గ్ రూపొందించిన గాజు పంపుతో పోషకద్రవాన్ని ప్రవహింపజేసి, జంతువుల అవయవాలను దేహం వెలుపల సజీవంగా నిలిపారు. ప్రయోగశాలలో కణజాలం పెంచేవారికి నేటికీ అదే చిక్కు: సన్ననాళాల వల అల్లుకోనిదే లోపలి కణాలు బ్రతకవు.

అంతటి మేధావి అదే ఏడాది వెలువడిన తన గ్రంథంలో జాతిశుద్ధి వాదాన్ని సమర్థించడం మాయని మచ్చ. 1944లో పారిస్‌లో కన్నుమూశారు.