చుక్కలలో వెలుగునీడలు: ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి

రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రశాలలో ఒక నీటిరంగుల చిత్రం ముందు నిలిచి చూస్తే, వెలుగు ఎక్కడ ముగిసిందో, నీడ ఎక్కడ మొదలైందో చెప్పలేము. ఆ చిత్రాన్నే నల్లసిరాతో ఇటువంటి సంచికలో అచ్చువేయాలంటే చిక్కు వచ్చిపడుతుంది. అచ్చుయంత్రానికి తెలిసినవి రెండే: సిరా అంటడం, అంటకపోవడం. మధ్యనుండే బూడిదవర్ణాన్ని ఎక్కడినుండి తేవాలి? ఈ ప్రశ్నను గణితంతో ఎదుర్కొన్న మహనీయులలో ఒకరు మన దేశీయులే కావడం మాకు గర్వకారణం.

ఉపేంద్రకిశోర్ 1863లో తూర్పు బెంగాలులోని మైమన్‌సింగ్ జిల్లా మసువా గ్రామంలో జన్మించారు. తొలిపేరు కామదారంజన్. బంధువైన ఒక జమీందారు ఆయనను బాల్యంలోనే దత్తత తీసుకొని పేరు మార్చారు. కలకత్తాలో విద్యాభ్యాసం చేసి బ్రహ్మసమాజంలో చేరారు. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారిని ప్రభావితం చేసిన సమాజమే అది. చిత్రలేఖనం, వయొలిన్, పిల్లల కథలు ఆయనకు ప్రాణం.

పిల్లలకోసం రచించిన రామాయణానికి బొమ్మలు తామే గీశారు. చెక్కదిమ్మలపై చెక్కించి అచ్చువేసేసరికి అవి వికృతంగా తయారయ్యాయి. మరొకరైతే ముద్రాపకుని నిందించి ఊరుకునేవారు. ఆయన ఇంగ్లండు నుండి కెమెరాను, పరికరాలను తెప్పించుకొని 1895లో సొంతంగా బ్లాకుల తయారీకి పూనుకున్నారు.

హాఫ్‌టోన్ అనే ఈ పద్ధతి పాశ్చాత్య దేశాలలో అప్పటికే ఉంది. నిలువుగీతలు, అడ్డగీతలు గల గాజుతెరను కెమెరాలో ఫలకానికి కొద్దిదూరంలో నిలిపి ఫొటో తీస్తారు. అచ్చులో నీడ ఉన్నచోట చుక్కలు పెద్దవిగాను, వెలుగు ఉన్నచోట చిన్నవిగాను వస్తాయి. వార్తాపత్రికకు అంగుళానికి సుమారు 65 గీతలు చాలు. నున్నని ఆర్టు కాగితానికి 133 లేదా 150 కావాలి. చుక్కలను కలిపి బూడిదవర్ణాన్ని కల్పించుకునేది మన కన్నే. అయితే తెర ఎంత దూరంలో ఉండాలి, కటకపు రంధ్రం ఎంత ఉండాలి అన్నవి చాలావరకు పనివారి చేతి అలవాటుపై ఆధారపడేవి. ఉపేంద్రకిశోర్ తెరలోని ఒక్కొక్క గడిని సూదిబెజ్జపు కెమెరాగా భావించి వెలుగు నడకను లెక్కగట్టారు. అంచులవద్ద కాంతి వంగే తీరును సైతం విడువలేదు. 1897 మొదలుకొని లండనులోని పెన్‌రోజ్ వార్షిక సంచికలో ఆయన వ్యాసాలు వెలువడ్డాయి. పాలకుల దేశంలోని వృత్తినిపుణులకు కలకత్తానుండి పాఠం చెప్పడం ఆ రోజుల్లో సామాన్యమా!

ఉర్దూ పాఠకులకొక మాట. ఉర్దూ పత్రికలు చిరకాలం కాతిబుల చేవ్రాతతో రాతి అచ్చుపై వెలువడ్డాయి. అక్షరంలో బూడిదవర్ణం లేదు కనుక అది సరిపోయింది. ఫొటోకు మాత్రం చుక్కలు తప్పవు.

1911లో కుమారుడు సుకుమార్ ముద్రణవిద్యకై ఇంగ్లండు వెళ్లారు. 1913లో తండ్రి సందేశ్ అనే పిల్లల పత్రికను స్థాపించారు. 1915 డిసెంబరు 20న 52వ ఏట కన్నుమూశారు. నేడు ఆయనను సత్యజిత్ రాయ్ తాతగారిగానే ఎక్కువమంది ఎరుగుదురు. అది చాలదని మా అభిప్రాయం.

గాజుతెర ఇప్పుడు లేదు. చిక్కు మాత్రం కంప్యూటరుకు సంక్రమించింది. 1973లో బేయర్ అనే శాస్త్రజ్ఞుడు గాజుతెరకు బదులు అంకెల పట్టికను వాడే పద్ధతిని చూపారు. 1976లో ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ అనేవారు మరొక దారి తొక్కారు. ఒక బిందువును నలుపుగానో తెలుపుగానో తేల్చినప్పుడు మిగిలిన తేడాను 16 వంతులు చేసి, కుడి పొరుగుకు 7, కింది వరుసలోని మూడింటికి 3, 5, 1 చొప్పున పంచిపెట్టారు.