ఏనుగుకు ముందు ఏం మోశారు?

కోడి రామమూర్తి నాయుడు గారి పేరు చెప్పగానే అందరికీ ఏనుగే గుర్తొస్తుంది. ఛాతీ మీద చెక్క, చెక్క మీద ఏనుగు! చిన్నప్పుడు మా జేజి ఆ కథ చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాళ్లం. సంసారంలో పడి, నీళ్ల బిందెలు మోయడం మొదలుపెట్టాక నాకు ఇంకో సందేహం పట్టుకుంది. ఏనుగుకు ముందు ఆయన ఏం మోసి ఉంటారు? మొదటిరోజు ఎంత, నెల తిరిగాక ఎంత? బలం ఒక్కరోజులో వచ్చేది కాదు కదా!

ఆయనది మా అనంతపురానికి పూర్తిగా ఆ కొస. ఒడిశా సరిహద్దుకు దగ్గర్లోని వీరఘట్టంలో 1882లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. చిన్నతనంలోనే తల్లి పోతే, తండ్రి ఆయన్ని విజయనగరంలో ఉన్న పినతండ్రి దగ్గరకు పంపారు. పిల్లవాడు చదువుకంటే కుస్తీల వైపే మొగ్గాడు. తల్లి లేని బిడ్డ కండ పట్టాడంటే ఆ ఇంట్లో వండి పెట్టిన చేతులకూ అందులో వాటా ఉంటుంది. ఆ సంగతి ఎవరూ రాయరనుకోండి!

తర్వాత మద్రాసు సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలోనే డ్రిల్లు మాస్టారయ్యారు. పిల్లల చేత ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టించి చేయించే ఉద్యోగం. నాకైతే ఏనుగు కథకంటే ఇదే ముచ్చటగా ఉంటుంది.

మన గరిడీల్లో దండీలు, బస్కీలు తీస్తారు. అక్కడ బరువు మన ఒళ్లే. అది మారదు కాబట్టి లెక్క పెంచుకుంటూ వందలు దాటిస్తారు. చేతిలోకి వేరే బరువు వచ్చిందంటే మాత్రం లెక్క తీరు మారిపోతుంది. రామమూర్తి గారి కాలంలోనే, 1904-05లో మన దేశం చూడవచ్చిన బలశాలి శాండో దీనికి తన పుస్తకంలో పట్టికలే వేశాడు. మగవాళ్ల శాండో బనియన్‌కు పేరిచ్చినాయనే ఈయన. తేలిక డంబెల్‌తో మొదలుపెట్టి లెక్క కొంచెం కొంచెంగా పెంచాలి. లెక్క నిండాక బరువు ఒక్క పిసరు పెంచి, లెక్కను మళ్లీ కిందికి దించాలి. అక్కణ్ణుంచి మళ్లీ ఎక్కాలి.

ఇది మన ఆడవాళ్లకు తెలియనిదా? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే సంబరపడే సీమ మాది. కొళాయి అరగంటే వస్తుందనుకోండి. పది లీటర్ల బిందెతో పన్నెండుసార్లు తిరిగే మనిషి, ఇరవై లీటర్ల బిందెతో ఆరుసార్లు తిరగాలని కాగితం మీద లెక్క తేలుతుంది. నడుం ఆ లెక్కకు ఒప్పుకోదు. మొదటివారం నాలుగుసార్లే పెట్టుకోవాలి. అడుగు తడబడకుండా ఆ నాలుగూ అరగంటలో పూర్తవుతుంటే, అప్పుడు అయిదోది. బరువూ లెక్కా ఒకేసారి పెంచుకుంటే నడుం పట్టేస్తుంది. గడియారం ముందు పెట్టుకుని నిమిషానికి ఇన్ని అని చేసే జిమ్ము పిల్లలకూ ఇదే మాట. బరువు మార్చిన రోజున పాత లెక్కే రావాలని పట్టుపట్టకూడదు.

1940ల్లో అమెరికా సైనిక వైద్యుడు డిలోర్మ్, గాయపడ్డ సైనికుల కాళ్లకు బలం తెప్పించడానికి, మనిషి పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును కొలతగా పెట్టుకున్నాడు. తర్వాత కుదిరిన పద్ధతిలో ముందు దానిలో సగం, తర్వాత ముప్పావు, చివరికి మొత్తం ఎత్తించేవారు.

రామమూర్తి గారు మాస్టారు ఉద్యోగం వదిలి సర్కస్ పెట్టారు. ఒంటికి చుట్టిన ఇనప గొలుసును ఊపిరి బిగించి తెంపేవారు. రెండు కార్లను భుజాలకు కట్టించుకుని కదలనిచ్చేవారు కాదు. ఇక ఏనుగు మాట సరేసరి. అక్కడ లెక్క ఒకటే, ఊపిరి బిగబట్టినంత సేపే. బరువు పెరిగేకొద్దీ లెక్క తగ్గుతూ వచ్చి, చివరికి ఒకటి దగ్గర నిలబడిందన్నమాట. జనం టిక్కెట్టు కొని చూసింది ఆ ఒక్కటే. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. ఇంతా చేసి ఆయన శాకాహారి! కండకంటే ప్రాణాయామాన్నే ఎక్కువ నమ్ముకున్నారు. మాంసం లేనిదే బలం ఎక్కడిదని మా వీధిలో ఒకావిడ ఇప్పటికీ ఈ మాట నమ్మదు.

ఏనుగును మోసిన మనిషిని కాలి మీద లేచిన పుండు పడగొట్టింది. కాలు తీసేశారు. 1942 జనవరిలో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. అటు వెళ్లినప్పుడు పిల్లలకు ఏనుగు కథతోపాటు డ్రిల్లు మాస్టారి కథ కూడా చెప్పండి.