పంతులుగారూ, ఒక క్రియాపదమూ

ఉప్పుమడుల ఊరైన నౌపడ నుండి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో వచ్చింది. దానికి ఇరవై ఏండ్లు ముందే, 1880లో, పదిహేడేండ్ల కుర్రవాడొకడు ఉపాధ్యాయుడై పర్లాకిమిడి చేరుకున్నాడు. శ్రీకాకుళం దాపున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టి, విజయనగరంలో గురజాడ అప్పారావుగారితో కలిసి చదువుకున్న గిడుగు వేంకట రామమూర్తి ఆయనే.

పంతులుగారి దృష్టి మొదట మళ్ళింది తెలుగు మీదికి కాదు, లిపిలేని సవరభాష మీదికి. ఆ భాషకు నిఘంటువులేదు, వ్యాకరణం లేదు. సవరల నోటి మాటను చెవితో పట్టుకోవడం తప్ప దారి లేదు. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకున్నారు. దానికి పుచ్చుకున్న క్వినైను ఆయన వినికిడిని హరించింది. వినడమే వృత్తిగా చేసుకున్నవానికి ఎంతటి నష్టమో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు. అయినా పని ఆపలేదు. సవర వ్యాకరణం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి.

పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ దొర తెలుగు నేర్చుకుంటూ ఒక చిక్కులో పడ్డాడు. పుస్తకంలోని భాష వీథిలో వినబడదు, వీథిలోని భాష పుస్తకంలో కనబడదు. ఇదేమని ఆయన అడిగిన ప్రశ్న 1907 ప్రాంతంలో పంతులుగారిని కదిలించింది. అంతవరకు ఆయనా గ్రాంథికమే సాధువని నమ్మినవారే.

‘వచ్చు’ అనే ధాతువునే తీసుకోండి. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చదివిన పిల్లవాడు ‘వచ్చుచున్నాడు’ అని వ్రాయాలి. ఇంట్లో తల్లి ‘వస్తున్నాడు’ అంటుంది. గురువుగారు కూడా తరగతి దాటగానే అదే అంటారు! భూతకాలానికి వస్తే కోస్తాలో ‘వచ్చాడు’, రాయలసీమలో ‘వచ్చినాడు’, తెలంగాణంలో ‘వచ్చిండు’. ఇక ‘రా’, ‘రాడు’ రూపాల్లో ‘వచ్చు’ జాడ పైకి కానరాదు. తమిళులు ‘వా’, ‘వరు’ అంటారు గనుక, మన ‘రా’ వెనుక కూడా పూర్వం వకారం ఉండేదని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. అంటే పండితులు నిత్యమనుకున్న రూపం కూడా ఒకనాటి మార్పే.

ఈ పేచీ మనకే కాదు. స్వీడిష్ వారు ‘ఉండు’ అనే క్రియకు ఏకవచనంలో ‘ఏర్’ అనీ, బహువచనంలో ‘ఏరు’ అనీ వ్రాసేవారు. మాటలో ఆ తేడా ఏనాడో పోయినా రాతలో నిలిచింది. అక్కడి వార్తాసంస్థ 1945లో గాని దానిని విడిచిపెట్టలేదు.

పంతులుగారు కావ్యాలను త్రోసిపుచ్చలేదు. శాసనాలూ, పాత వచనాలూ గాలించి, వాడుక రూపాలు పూర్వులూ వ్రాశారని ఉదాహరణలతో చూపారు. జయంతి రామయ్య పంతులుగారి పక్షం గట్టిది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రాంథికానిదే పైచేయి అయింది. అయినా 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టి, సభలు తిరిగి, తన వాదం సాగించారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. ఏబది ఆరేండ్లు గడిపిన ఊరును విడిచి ఆయన రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆ తరువాత తెలుగు వార్తాపత్రికలూ, పాఠ్యపుస్తకాలూ ఒక్కొక్కటిగా ‘వస్తున్నాడు’ అని వ్రాయసాగాయి.