గడప గడపనూ అడిగి పల్లె లెక్క తేల్చిన కుమారప్ప

ఒక గ్రామానికి ఏమి కావాలో నిర్ణయించే ముందు ఆ గ్రామస్థులనే అడగాలన్న సూత్రం నేడు ప్రభుత్వ మార్గదర్శకాలలో చేరింది. పంచాయతీలు గ్రామసభలు జరిపి తమ అభివృద్ధి ప్రణాళికలను తామే రూపొందించుకోవాలన్న విధానం 2015లో దేశవ్యాప్తంగా అమలులోకి వచ్చింది. అంతకు 80 ఏళ్లకు పైగా ముందే, లండన్‌లో పద్దుల విద్య నేర్చిన ఒక తమిళ క్రైస్తవుడు గుజరాత్ పల్లెలలో ఇల్లిల్లూ తిరిగి రైతుల జమాఖర్చులు రాయించారు. ఆయనే గాంధేయ అర్థశాస్త్రానికి ఆద్యులలో ఒకరైన జె.సి. కుమారప్ప.

1892 జనవరి 4న తంజావూరులో జన్మించిన ఆయన అసలు పేరు జోసెఫ్ చెల్లదురై కార్నీలియస్. లండన్‌లో అకౌంటెన్సీ అభ్యసించి, మొదటి ప్రపంచ యుద్ధానంతరం స్వదేశానికి తిరిగివచ్చి బొంబాయిలో ఆడిటర్‌గా స్థిరపడ్డారు. పాశ్చాత్య దుస్తులు, నగర జీవితం, మంచి ఆదాయం ఆయన సొంతం. 1927లో అమెరికా వెళ్లి సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో వ్యాపార నిర్వహణలో పట్టా పొందారు. అనంతరం కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ ద్రవ్య శాస్త్రంలో ప్రఖ్యాతుడైన సెలిగ్‌మన్ వద్ద చదివారు.

ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడే. భారతదేశం ఎందుకు పేదరికంలో మగ్గుతున్నదనే అంశంపై ఆయన ఒక చర్చిలో చేసిన ప్రసంగం పత్రికలకెక్కింది. దానిని చదివిన సెలిగ్‌మన్, అదే విషయంపై పరిశోధన చేయవలసిందిగా సూచించారు. బ్రిటిష్ ప్రభుత్వ ఆదాయవ్యయ పట్టికలను పరిశీలించిన కొద్దీ, దేశ దారిద్ర్యానికి ప్రభుత్వ పన్నుల విధానానికి గల సంబంధం ఆయనకు స్పష్టమయింది. స్వదేశానికి వచ్చిన తరువాత కుటుంబపు పాత పేరైన కుమారప్పను స్వీకరించారు.

సబర్మతిలో పరీక్ష

తన పరిశోధన గ్రంథాన్ని ప్రచురించే నిమిత్తం 1929 మే 9న కుమారప్ప సబర్మతి ఆశ్రమంలో గాంధీజీని కలుసుకున్నారు. చెట్టు కింద నేలపై కూర్చుని రాట్నం వడుకుతున్న వృద్ధుడే గాంధీజీ అని ఆయన మొదట గుర్తించలేదు. గుర్తించిన పిమ్మట, ఖరీదైన దుస్తులతోనే ఆయనకు ఎదురుగా నేలపై కూర్చున్నారు. గ్రంథాన్ని యంగ్ ఇండియా పత్రికలో ధారావాహికగా ప్రచురించడానికి గాంధీజీ అంగీకరించారు. అంతటితో ఆగక, గుజరాత్‌లో గ్రామీణ ఆర్థిక సర్వే నిర్వహించగలరా అని ప్రశ్నించారు.

కుమారప్పకు గుజరాతీ రాదు. ఈ కారణంగా గుజరాత్ విద్యాపీఠం బాధ్యతలు చూస్తున్న కాకా కాలేల్కర్ మొదట సుముఖత చూపలేదు. గాంధీజీ పట్టుబట్టడంతో చివరకు ఆయనకే ఆ పని అప్పగించారు. ఖేడా జిల్లాలోని మాతర్ తాలూకాను సర్వేకు ఎంపిక చేశారు. 1929 చివర మొదలైన ఈ సర్వే 1930 తొలి మాసాలలో ముగిసింది. విద్యాపీఠం విద్యార్థులు కార్యకర్తలుగా 54 గ్రామాలలో పర్యటించారు.

ఆ కాలంలో ఇది సామాన్యమైన పని కాదు. 1918లో ఖేడాలోనూ, 1928లో బార్డోలీలోనూ భూమి శిస్తుపై సత్యాగ్రహాలు జరిగి ఉన్నాయి. రైతుకు శిస్తు చెల్లించే శక్తి ఉన్నదా లేదా అనేదే ఆ పోరాటాలలో ప్రధాన వివాదం. ప్రభుత్వం వద్ద రెవెన్యూ రికార్డులు ఉన్నాయి. రైతు వద్ద ఖాతా పుస్తకాలు లేవు. రికార్డులలో పంట ఉంటుంది గాని, ఆ పంట పండించడానికి తెచ్చిన అప్పు ఉండదు. కమతం విస్తీర్ణం ఉంటుంది గాని, ఏడాదిలో ఎన్ని నెలలు ఆ ఇంటివారికి పని దొరకదో ఉండదు.

కుమారప్ప తన వృత్తి నైపుణ్యాన్ని ఇక్కడ వినియోగించారు. ఒక సంస్థ ఆస్తి అప్పుల పట్టీ తయారు చేసినట్లే కుటుంబం వారీగా భూమి, పశువులు, పంటలు, రుణాలు, రాబడి, ఖర్చుల వివరాలు సేకరింపజేశారు. అనేక కుటుంబాలకు రాబడి ఖర్చులకు చాలడం లేదని, లాభం లేని చోట కూడా శిస్తు వసూలవుతున్నదని ఈ లెక్కలు తేల్చాయి. 1931లో విద్యాపీఠం ఈ నివేదికను ప్రచురించింది. గ్రామీణ దారిద్ర్యంపై జాతీయోద్యమం చేస్తున్న వాదనకు ఇంటింటి లెక్కల ఆధారం దీనితో లభించింది.

పైసాకు లెక్క

ఉప్పు సత్యాగ్రహ కాలంలో గాంధీజీ అరెస్టయిన పిదప యంగ్ ఇండియా నిర్వహణలో పాలుపంచుకున్న కుమారప్ప జైలు శిక్ష అనుభవించారు. 1934 జనవరి 15న బీహార్‌లో పెను భూకంపం సంభవించినప్పుడు రాజేంద్రప్రసాద్ ఆధ్వర్యంలోని సహాయ నిధి లెక్కలను ఆయన చూశారు. పరిశీలనకు వచ్చిన గాంధీజీ బృందం ఖర్చులను సైతం ఆ నిధి నుంచి చెల్లించడానికి నిరాకరించారు. బాధితుల కోసం వచ్చిన ధనం బాధితులకే చెందాలన్న ఆయన వాదనను గాంధీజీ ఆమోదించారు.

అదే సంవత్సరం డిసెంబరులో వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. జమ్నాలాల్ బజాజ్ ఇచ్చిన స్థలానికి మగన్‌వాడీ అని పేరు పెట్టారు. సంఘం కార్యదర్శిగా కుమారప్ప అక్కడే నివాసం ఏర్పరచుకున్నారు. గానుగ నూనె, దంపుడు బియ్యం, బెల్లం, చేతి కాగితం, తేనెటీగల పెంపకం వంటి వాటిపై అక్కడ ప్రయోగాలు సాగాయి.

మాతర్ పద్ధతిని విస్తృత స్థాయిలో పరీక్షించే అవకాశం ఆయనకు 1938లో లభించింది. మధ్యపరగణాలు, బీరార్ రాష్ట్రంలోని కాంగ్రెస్ మంత్రివర్గం పారిశ్రామిక సర్వే సంఘాన్ని నియమించి, ఆయనను అధ్యక్షుని చేసింది. కర్మాగారాల జాబితాతో సరిపెట్టక ఈ సంఘం గ్రామాలకే వెళ్లింది. 600కు పైగా గ్రామాల నుంచి వివరాలు సేకరించి 1939లో నివేదిక సమర్పించింది. వాయవ్య సరిహద్దు రాష్ట్రానికి కూడా ఆయన ఒక ఆర్థికాభివృద్ధి ప్రణాళికను తయారు చేశారు. అది 1940లో వెలువడింది.

రెండు దారులు

1938లోనే జవాహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడింది. గ్రామ పరిశ్రమల ప్రతినిధిగా అందులో చేరిన కుమారప్ప కొద్ది కాలానికే వైదొలగారు. భారీ పరిశ్రమలను కేంద్రంగా చేసుకున్న ప్రణాళికలో పల్లెకు మిగిలేది ముడిసరుకు సరఫరా చేసే పాత్ర మాత్రమేనని ఆయన అభిప్రాయం. యంత్రాల పట్ల, నగర పరిశ్రమల పట్ల ఆయన వైఖరి కాలానికి ఎదురీదుతున్నదని విమర్శించినవారు కాంగ్రెస్‌లోనే అనేకులు ఉన్నారు.

క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో జబల్‌పూర్ జైలులో ఆయన శాశ్వత ఆర్థిక వ్యవస్థపై గ్రంథం రచించారు. వేటాడి బతికే పులి మొదలుకొని, పూలకు హాని చేయకుండా తేనె కూర్చే తేనెటీగ వరకు ప్రకృతిలోని ఉదాహరణలతో ఆర్థిక వ్యవస్థలను ఆయన వర్గీకరించారు. ప్రకృతి వనరులను మూలధనంలా కాపాడుకోవాలే గాని, రాబడిలా ఖర్చు చేయరాదన్నది ఆ గ్రంథ సారాంశం. పర్యావరణం అనే మాట విధాన పత్రాలలో కనిపించని రోజులవి.

లక్ష జనాభా గల ప్రాంతానికి ఎంత భూమిలో ఏ పంటలు వేయాలో కూడా ఆయన పట్టిక వేశారు. మనిషికి రోజుకు 2860 కేలరీల సమతులాహారం, ఏడాదికి 25 గజాల వస్త్రం ప్రాతిపదికగా ధాన్యం, పప్పులు, కూరగాయలు, పండ్లు, పత్తి సాగుకు భూమిని కేటాయించారు. ముందు ఊరి అవసరం, మిగిలినదే మార్కెట్టుకు అన్నది దీనిలోని క్రమం.

ఈ పద్ధతికి ఒక పరిమితి లేకపోలేదు. సర్వేలో గ్రామస్థుడు వివరాలు ఇస్తాడు. పట్టిక వేసేది మాత్రం సర్వే నిర్వాహకుడే. లెక్క చెప్పినవారికి నిర్ణయంలో భాగం లేకపోతే సర్వే మరొక రెవెన్యూ రికార్డుగానే మిగిలిపోతుంది. కుమారప్ప గ్రామ పంచాయతీల స్వయం నిర్ణయాధికారంపై అంతగా పట్టుపట్టడానికి కారణం ఇదే.

భూమి ప్రశ్న

స్వాతంత్ర్యానంతరం కాంగ్రెస్ నియమించిన వ్యవసాయ సంస్కరణల సంఘానికి కుమారప్ప అధ్యక్షత వహించారు. ఆంధ్ర రైతాంగ నాయకుడు ఎన్.జి. రంగా ఇందులో సభ్యులు. వివిధ రాష్ట్రాలలో పర్యటించిన ఈ సంఘం 1949లో నివేదిక ఇచ్చింది. మధ్యవర్తులను తొలగించాలని, దున్నేవానికే భూమి చెందాలని, కమతాలపై గరిష్ఠ పరిమితి విధించాలని, దీర్ఘకాలంగా సాగు చేస్తున్న కౌలుదారులకు హక్కులు కల్పించాలని సిఫారసు చేసింది. తరువాతి భూ సంస్కరణల చర్చలకు ఇది ప్రధాన ఆధారాలలో ఒకటిగా నిలిచింది. ఆచరణ మాత్రం రాష్ట్రానికొక తీరుగా, చాలాచోట్ల అరకొరగా సాగింది.

ఢిల్లీ విధానాలతో విభేదించిన కుమారప్ప పదవుల వైపు చూడలేదు. వార్ధా సమీపంలోని సెల్దోలో ఆశ్రమం నెలకొల్పి వ్యవసాయ ప్రయోగాలు చేపట్టారు. ఆరోగ్యం క్షీణించడంతో మదురై జిల్లా టి. కల్లుపట్టిలోని గాంధీ నికేతన్ ఆశ్రమానికి చేరుకున్నారు. అవివాహితుడైన ఆయన చివరి సంవత్సరాలు అక్కడే గడిచాయి.

ఆలస్యంగా అందిన జవాబు

1952 అక్టోబరు 2న ప్రభుత్వం సమాజాభివృద్ధి పథకాన్ని ప్రారంభించింది. పథకాలు పైనుంచి వస్తున్నాయని, ప్రజలలో చొరవ కలగడం లేదని బల్వంత్‌రాయ్ మెహతా సంఘం 1957లో తేల్చింది. దాని సిఫారసుల మేరకు 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ ఆరంభమయింది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ కూడా ఆ బాట పట్టింది. పల్లెను అడగకుండా వేసే ప్రణాళిక పల్లెలో నిలవదన్న కుమారప్ప వాదన ఈ విధంగా ప్రభుత్వ సంఘం నివేదికలోనే చోటు సంపాదించుకుంది.

ఆ తరువాత ఆయన ఎక్కువ కాలం జీవించలేదు. 1960 జనవరి 30న, గాంధీజీ వర్ధంతి నాడే, మద్రాసులో కన్నుమూశారు. గ్రామసభకు రాజ్యాంగ ప్రతిపత్తి లభించడానికి మరో 33 సంవత్సరాలు పట్టింది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది.

ప్రశ్నావళులు, సర్వే పత్రాలు నేడు ప్రతి పంచాయతీకి పరిచితమైనవే. వాటిని నింపిన తరువాత నిర్ణయం ఎవరిది అన్న ప్రశ్న మాత్రం ప్రతి గ్రామసభలోనూ తిరిగి తలెత్తుతూనే ఉంది. మాతర్ తాలూకాలోని 54 గ్రామాల గడపల వద్ద కుమారప్ప రాయించిన లెక్కలు ఆ ప్రశ్నకు మొదటి సగం. జవాబులోని రెండవ సగాన్ని పూర్తి చేయవలసినది గ్రామస్థులే.