బాబాసాహెబ్‌కు దొరకని అద్దె గది



డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ రాసిన రాజ్యాంగం గురించీ, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన తీసుకున్న బౌద్ధ దీక్ష గురించీ మనకు తెలుసు. తల దాచుకునే గది కోసం ఆయన పడ్డ పాట్ల గురించి మాత్రం తక్కువ చెప్పుకుంటాం.

1891 ఏప్రిల్ 14న మౌ పట్టణంలో పుట్టారు. బొంబాయి పరేల్‌లో ఇంటిల్లిపాదీ ఉన్న ఒక్క గదిలోనే చదువుకున్నారు. బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో 1913లో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీకి, తర్వాత లండన్‌కు వెళ్లారు. విదేశాల్లో ఉన్నన్నాళ్లూ తాను అంటరానివాడినన్న సంగతే మరిచిపోయారు.

ఒప్పందం ప్రకారం 1917లో ఉద్యోగానికి బరోడా వచ్చారు. హిందూ హోటళ్లు రానివ్వవని తెలుసు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించి, రోజుకు రూపాయిన్నర ఇచ్చి మేడ మీద దిగారు. పదకొండో రోజు పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే డజను మంది కర్రలతో వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యాలన్నారు. వారం గడువు అడిగితే ఒప్పుకోలేదు. సర్కారు బంగళా కోసం పెట్టిన అర్జీ తేలలేదు. ఒక హిందూ మిత్రుణ్ణి, ఒక క్రైస్తవ మిత్రుణ్ణి అడిగారు. ఇద్దరిళ్లలోనూ చోటు దొరకలేదు. రాత్రి 9 గంటల బొంబాయి రైలు దాకా పార్కులో దిగులుగా కూర్చున్నారు. కొలంబియా చదువుంది, మహారాజు కొలువుంది, అద్దె కట్టే స్తోమతుంది. అయినా గది లేదు.

1930ల్లో బొంబాయి దాదర్‌లో సొంత ఇల్లు కట్టుకుని రాజగృహ అని పేరు పెట్టారు. బింబిసారుడు బుద్ధుడికి వేణువనం దానమిచ్చిన నగరం పేరది.

రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల దగ్గర కుల వివక్ష కూడదంది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. ముత్తుకూరు, వాకాడు వైపు నుంచి పిల్లల చదువు కోసం నెల్లూరు టౌనుకొచ్చే మన వాళ్లకు ఆ లోటు ఏంటో బాగా తెలుసు. టులెట్ బోర్డు చూసి తలుపు కొడితే ముందు ఇంటిపేరు అడుగుతారు. తర్వాత ఏం వండుకుంటారని అడుగుతారు. చివరికి ఇప్పుడే ఎవరికో మాటిచ్చేశామంటారు. బోర్డు మాత్రం వారమైనా దిగదు.

బుద్ధుడు మంగలి ఉపాలికి ముందు దీక్షనిచ్చి, శాక్య రాకుమారులను అతని వెనక నిలబెట్టాడు. సంఘంలో ముందు వచ్చినవాడే పెద్ద, కులం లెక్కలేదు.

ఇప్పుడు మనలోనూ టౌన్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లున్నారు. పై వాటా అద్దెకిచ్చేటప్పుడు మాల మాదిగనీ, మాదిగ యానాదినీ మీరేమిట్లని అడిగితే బరోడా సత్రానికీ మన ఇంటికీ తేడా ఏముంది? పంచశీల చదివే ఇంట్లో ఆ ప్రశ్న వినపడకూడదు. అద్దె ఎంతో చెప్పి, తాళంచెవి చేతిలో పెట్టండి.

జై భీమ్!