బసివి ఊళ్ళ నుంచి చూస్తే భాగ్యరెడ్డి వర్మ

మిర్చి కోతల కాలం వస్తే ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి పల్లెల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. దళిత కుటుంబాలు పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. ఇక్కడి వాడల్లో బసివి తల్లుల పిల్లలూ ఉన్నారు. వాళ్ళను బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు గడి దగ్గర కలం ఆగిపోతుంది. పరిశోధన పని మీద ఈ ఊళ్ళు తిరుగుతుంటే మాకు పదే పదే గుర్తొచ్చిన మనిషి ఈ ప్రాంతం వాడు కాదు. హైదరాబాదు మనిషి, భాగ్యరెడ్డి వర్మ.

1888 మే 22న ఒక మాల కుటుంబంలో పుట్టారు. పెట్టిన పేరు మాదరి భాగయ్య. అంటరానివాళ్ళే ఒకప్పుడు ఈ నేలను ఏలినవాళ్ళన్న నమ్మకంతో కులగురువు ఆ పేరుకు రెడ్డి తగిలించాడు. ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరి, అక్కడే చదువు మీద ఇష్టం పెంచుకున్నారు. 1906లో, పద్దెనిమిదేళ్ళకే జగన్ మిత్ర మండలి పెట్టారు. హరికథలతో మొదలైన పని 1910లో బడుల దాకా వచ్చింది. ఇసామియా బజారులో, లింగంపల్లిలో మొదలైన ఆ బడులు తర్వాత పాతిక దాకా పెరిగాయి. సర్కారు భాష ఉర్దూ అయిన రాజ్యంలో అవి తెలుగు బడులు.

మమ్మల్ని ఆపింది బడుల లెక్క కాదు, పని చేసిన తీరు. పిల్లను జోగినిగా వదలబోతున్న ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడడం, కులపెద్దలను కూర్చోబెట్టి తగవు తీర్చడం, తాగుడు మాన్పించడం, ప్లేగు వచ్చినప్పుడు వాలంటీర్లను వాడకు పంపడం: ఇవన్నీ ఆ కొద్దిమందే చేశారు. ఇప్పుడు అంగన్‌వాడీ ఒక శాఖ, బడి ఒక శాఖ, 1988 దేవదాసీ నిషేధ చట్టం అమలు మరొకరి పని. సుగ్గికి పోయిన పిల్ల ఏ రిజిస్టరులోనూ కనబడకపోవడం మేము చూశాం.

డబ్బు, పలుకుబడి బయటి నుంచి రావాలి. బ్రహ్మ సమాజం, ఆర్య సమాజం వాళ్ళతో, రాయ్ బాలముకుంద్, వామన్ నాయక్ వంటి పెద్దలతో ఆయన కలిసి నడిచారు. వర్మ బిరుదు ఆర్య సమాజం ఇచ్చిందే. అయినా పేరు విషయంలో ఎవరికీ లొంగలేదు. 1917లో బెజవాడలో పంచమ సభకు అధ్యక్షత వహించి, దాన్ని ఆది ఆంధ్ర సభగా మార్చారు. 1931 జనగణనలో నిజాం రాజ్యపు దళితులను ఆది హిందువులుగా రాయించడానికి పోరాడారు.

లోపాలూ ఉన్నాయి. సంస్కరణ బరువంతా వాడ మీదే, అందులోనూ ఆడవాళ్ళ నడవడి మీదే ఎక్కువ పడింది. మాలల పైచేయి నచ్చక మాదిగలు అరుంధతీయులుగా విడిగా నిలబడ్డారు. మాదిగ వాడలే ఎక్కువగా తిరిగిన మాకు ఈ మాట చెప్పకుండా ముందుకు పోవడం కుదరదు.

ఆయన 1939 ఫిబ్రవరి 18న పోయారు. అప్పటికి ఆదోని మద్రాసు రాష్ట్రంలో, బళ్ళారి జిల్లాలో ఉంది. అక్కడ దేవదాసీ నిషేధ చట్టం 1947లో గానీ రాలేదు. ఎమ్మిగనూరు దగ్గర మేము కలిసిన ఒక బసివి తల్లి, కూతురి దరఖాస్తులో తండ్రి గడిలో తన పేరే రాయించింది.